నిద్రపోతున్నవాడి ఒళ్లో మిరపకాయల సంచి

ఇప్పుడు బస్సులో పక్కవాణ్ణి చూడకుండా ఉండాలంటే చేతిలో ఫోను ఉంటుంది. ఆ రోజుల్లో మాకు కళ్ళు మూసుకోవడం ఒక్కటే దారి. చిలకలూరిపేట నుంచి గుంటూరుకు పొద్దున ఏడున్నర ఆర్డినరీ బస్సులో నేను మూడేళ్ళు తిరిగాను. గుంటూరులో ఒక విత్తనాల కంపెనీలో గుమస్తా ఉద్యోగం, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. (ఆఫీసు చేరేదాకా ఆ ఇస్త్రీ నలగకూడదన్నదే అప్పట్లో నా జీవితాశయం.) ఆ బస్సులో ఎక్కడా రాసి పెట్టని చట్టాలు కొన్ని ఉండేవి. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే కిటికీలోంచి రుమాలు వేస్తే ఆ సీటు మనది, ఎంత మొండివాడైనా దాని మీద కూర్చోడు. నిలబడ్డవాళ్ళ సంచిని కూర్చున్నవాళ్ళు ఒళ్లో పెట్టుకోవాలి. పెద్దవాళ్ళు పక్కన నిలబడితే లేచి సీటివ్వాలి. నిద్రపోతున్నవాణ్ణి మాత్రం ఎవరూ లేపకూడదు. రుమాలు చట్టాన్ని నేను నిష్ఠగా పాటించాను. సీటివ్వాల్సిన చట్టం నుంచి తప్పించుకోవడానికి నిద్ర చట్టాన్ని వాడుకున్నాను.

మాస్టారు యడ్లపాడులో ఎక్కేవారు. రిటైరైన లెక్కల మాస్టారు, గుంటూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పడానికి వెళ్ళేవారు. కుడి మోకాలు సరిగా వంగదు. మెట్టెక్కేటప్పుడు ఆ మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు రెండో కాలు పైకి తెచ్చుకునేవారు. తలుపు పక్క మొదటి సీటు నాది కాబట్టి ఆయన నిలబడే చోటు సరిగ్గా నా భుజం దగ్గరే. అందుచేత యడ్లపాడు నూలుమిల్లు గోడ కనిపించగానే నాకు నిద్ర వచ్చేసేది. తల కిటికీ కమ్మీకి ఆనించి, నోరు కాస్త తెరిచి (నోరు తెరిస్తే నమ్మకంగా ఉంటుందని నా సొంత పరిశోధన), గుంటూరులో నా స్టేజీ వచ్చేదాకా అలాగే ఉండేవాణ్ణి.

మొదటి వారంలోనే ఎవరో నా భుజం తట్టబోయారు, పెద్దాయనకు సీటివ్వమని. మాస్టారు ఆపేశారు. "లేపకండి. రాత్రి డ్యూటీ చేసి వస్తున్నట్టున్నాడు" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి బస్సంతటికీ నేను రాత్రి డ్యూటీ కుర్రాణ్ణయిపోయాను. నా దగ్గరకొచ్చేసరికి కండక్టరు గొంతు తగ్గించేవాడు. ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ వెనక సీట్లో కూర్చునే నర్సమ్మ నా మొహం మీద ఎండ పడుతోందని లేచొచ్చి కిటికీ రెక్క దించేది. వాళ్ళు దయ చూపించేకొద్దీ కళ్ళు తెరవడం కష్టమైపోయింది. నిద్రపోకుండా నిద్రపోవడం వల్ల మెడ పట్టేసింది కూడా. అదీ రాత్రి డ్యూటీ వల్లేనని నర్సమ్మ ఎవరితోనో అంటుంటే కళ్ళు మూసుకునే విన్నాను.

ఇంతలో మిరప సీజను వచ్చింది. ఒకరోజు యడ్లపాడులో మాస్టారి వెనకాలే ఒక రైతు ఎక్కాడు. గుంటూరు యార్డులో వ్యాపారులకు చూపించడానికి మచ్చు కాయలు ఒక గోనెసంచిలో తెచ్చుకుంటున్నాడు. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. అటూ ఇటూ చూసి, "ఈ బాబు ఎటూ నిద్రపోతన్నాడుగా, బరువు తెలీదులే" అని సంచి నా ఒళ్లో పెట్టేశాడు. మూతి సరిగా కట్టలేదు. నా ముక్కుకూ దానికీ జానెడు దూరం.

ఆ తరవాత వచ్చిన స్పీడు బ్రేకరును డ్రైవరు చూసుకోలేదు. సంచి ఎగిరి పడింది, లోపలి దుమ్ము పైకి లేచింది. ముందు రైతే తుమ్మాడు. తరవాత కండక్టరు తుమ్మితే నోట్లో ఉన్న విజిల్ మోగింది, అది విని డ్రైవరు బ్రేకు వేసి తనూ తుమ్మాడు. ముందు నుంచి వెనక దాకా బస్సు వరసగా తుమ్ముకుంటూ పోయింది. తుమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే. నిద్రపోయేవాడు తుమ్మవచ్చో లేదో నాకు తెలియదు. తెలియనప్పుడు ఊరుకోవడం మేలనుకుని ఊపిరి బిగబట్టాను. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇతనేంటి, తుమ్మడం లేదు?" అంది నర్సమ్మ.

నర్సమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "నాడి చూడండి ఎలా పరిగెడుతోందో. ఊపిరి ఆడట్లేదు" అంది. రైతు బెదిరిపోయి, "అమ్మా, నేనేం చెయ్యలేదమ్మా, సంచి పెట్టానంతే" అని మొదలుపెట్టాడు. ఎక్కడా ఆపకుండా నేరుగా పెద్దాసుపత్రికి పోనిద్దామని డ్రైవరూ కండక్టరూ తేల్చేశారు. దారిలో ఏటుకూరులో దిగాల్సినవాళ్ళు ఒక్కరైనా తగువు పెట్టుకుంటారేమో, ఆ గొడవలో బయటపడదామని ఆశపడ్డాను. ఒక్కరూ పెట్టుకోలేదు. "మేం నడిచొస్తాంలే, ముందు ఆ పిల్లాడి సంగతి చూడండి" అన్నారెవరో. బస్సు వేగం అందుకుంది. ఆ కుదుపుకి నా తల కమ్మీకి కొట్టుకోకుండా ఎవరిదో అరచెయ్యి మధ్యలో అడ్డం పడింది. సుద్దముక్క వాసన వచ్చింది.

అప్పుడు వచ్చింది తుమ్ము. ఒకటి కాదు, పదకొండు. నేను కళ్ళు తెరిచేసరికి రైతు నాకు దణ్ణం పెడుతున్నాడు. మాస్టారు ఒక చేత్తో పై రాడ్డు, ఒక చేత్తో నా తల పట్టుకుని, వంగని కాలి మీద వంకరగా నిలబడి ఉన్నారు.

సంచి చేత్తో పట్టుకుని లేచాను. "కూర్చోండి మాస్టారూ" అన్నాను. ఆయన మొహమాటపడలేదు. కూర్చుని, కాలు నెమ్మదిగా బారజాపుకుని, "ఆ సంచి ఇటివ్వు" అని మిరపకాయలు తన ఒళ్లో పెట్టుకున్నారు. తల నావైపు వంచి, నా ఒక్కడికే వినిపించేలా అడిగారు.

"రోజూ నీ స్టేజీ వచ్చేసరికి సరిగ్గా ఎలా లేస్తావయ్యా, ఎవరూ లేపకుండా?"

నా చెవులు మిరపకాయల కన్నా ఎర్రబడి ఉంటాయి. "తెలిసి కూడా ఊరుకున్నారా? ఒక్కమాట అంటే లేచేవాణ్ణి కదండీ" అన్నాను.

"అడిగితే ఎవరైనా లేస్తారు. నీ అంతట నువ్వు లేస్తావేమోనని చూశాను. ఆదివారాలు తీసేస్తే ఇరవై తొమ్మిది రోజులు పట్టింది."

మర్నాటి నుంచి కిటికీలోంచి రెండు రుమాళ్ళు వేశాను. నర్సమ్మకు మాత్రం నిజం చెప్పలేకపోయాను. "నైట్ డ్యూటీలు తగ్గించుకో తమ్ముడూ" అని ఆమె అన్నప్పుడల్లా బుద్ధిగా తలూపాను. అలా తలూపినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

మోకాలు అరిగింది, స్కూటరు మానెయ్యమని డాక్టరు చెప్పాక ఈమధ్య మళ్ళీ బస్సెక్కుతున్నాను. తలుపు పక్క మొదటి సీట్లో ఒక కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒంటి మీద నలగని చొక్కా. నేను ఎక్కగానే అతనికి నిద్ర వస్తుంది, బొటనవేలు మాత్రం పాటకు తాళం వేస్తూనే ఉంటుంది. మొన్న ఒకావిడ అతని భుజం తట్టబోతే నేనే వద్దన్నాను. "పాపం, రాత్రి డ్యూటీ అయ్యుంటుందమ్మా" అన్నాను. బొటనవేలు ఠక్కున ఆగింది. రాడ్డు పట్టుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఇవాళ్టికి పన్నెండో రోజు. ఆదివారాలు తీసేసే చెబుతున్నాను.