కాశింబీ పిన్ని వాకబు

కానుగ పూలు రాలే రోజుల్లో మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డంతా బొరుగులు ఒలకబోసినట్టు ఉంటుంది. పొద్దున్నే పాలకు దిగినప్పుడు ఆ వగరు వాసన తగిలితే చాలు, నాకు అనుమానాలు మొదలవుతాయి. ఇస్త్రీ బండి అతను రోజూకంటే ఎక్కువ నవ్వితే, ఎందుకు నవ్వాడా అని మెట్లెక్కేదాకా ఆలోచిస్తాను. ఎండలు ముదరకముందు హైదరాబాద్ జనం కోటలకీ, పెద్ద పార్కులకీ వెళ్తారు. నేను సందుల్లోకి వెళ్తాను. ఈ జబ్బు నాకు అంటించింది మా కాశింబీ పిన్ని.

నరసరావుపేటలో ఆమెది మా పక్కిల్లు. భర్త స్కూటర్ మెకానిక్, ఆమె జాకెట్లు కుట్టేది. చుట్టరికం ఏమీ లేకపోయినా పుట్టినప్పటి నుంచీ నాకు ఆమె పిన్నే. కందిపప్పు కొన్నా గుప్పెడు తీసి వెలుతురులో చూడందే సంచిలో పోయించుకునేది కాదు. అందుకే వీధిలో ఎవరింట పెళ్లిమాట వచ్చినా, అవతలివాళ్ల గురించి వాకబు చేయడానికి ఆమెనే పంపేవారు. ఆమె వెళ్లొచ్చాక రెండు సంబంధాలు తప్పిపోయాయని కూడా చెప్పుకునేవారు. నా సంబంధం వచ్చినప్పుడు నా భయమంతా అదే. అబ్బాయిది గురజాల, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఫోన్‌లో మాట్లాడి నేను అప్పటికే మనసులో ఒప్పేసుకున్నాను. నాన్న కూడా సరేనన్నాడు. పిన్ని మాత్రం ఊరు చూపిస్తానని చెప్పి నన్ను రైలెక్కించింది. ఆమెకు ఉర్దూ వచ్చు కాబట్టి ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఈ సంబంధం కూడా చెడగొడుతుందేమోనని దారంతా ఆమెను ఓరకంట చూస్తూనే ఉన్నాను.

చార్మినార్ ఎక్కడికీ పోదులెమ్మని, స్టేషన్ నుంచి నేరుగా అతను అద్దెకుండే కాలనీకే తీసుకెళ్లింది. ఉగాది దగ్గర పడుతోంది. వీధి పొడవునా కానుగ పూలు. అద్దె ఇల్లు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ పిన్ని టీకొట్టు దగ్గర ఆగింది, కర్రీ పాయింట్ దగ్గర ఆగింది, ఇస్త్రీ బండి పక్కన చతికిలబడింది. టీ సాసర్లో పోసుకుని తాగి, అల్లం బాగా దంచావని కొట్టు అతన్ని మెచ్చుకుంది. నిజంగానే ఆనందిస్తోందా, నటిస్తోందా నాకు అంతుపట్టలేదు. అతని మాట ఎత్తగానే ముగ్గురూ బంగారం లాంటి మనిషన్నారు, ఏ అలవాట్లూ లేవన్నారు. నేను లోలోపల పొంగిపోతుంటే పిన్ని మొహం ముడుచుకుపోయింది.

"మంచోణ్ణి మంచోడనక ఏమంటారు పిన్నీ?" అన్నాను కోపంగా.

"పప్పులో ఒక్క రాయన్నా లేదంటే, ఎవరో ముందే ఏరి పెట్టారనే," అంది.

కాలనీ వెనక, దర్గా గోడ పక్కనుంచి ఒక మనిషి పట్టేంత దారి ఉంది. దాని చివర చిన్న చెరువు. బోర్డు లేదు, బెంచీ లేదు. గట్టు మీద వేపపూత, నీళ్లల్లో గేదెలు. ఒక ముసలామె పచ్చిమామిడి ముక్కలకు ఉప్పూ కారం రాసి అమ్ముతోంది. ఇంత దూరం వచ్చి ఎవరూ మాటలు నేర్పి ఉండరని గొణుక్కుంటూ పిన్ని ఫోన్‌లో అతని ఫోటో చూపించింది.

"రోజూ పొద్దుగూకినంక ఒస్తడు బిడ్డా," అంది ముసలామె. "మంచిగనే మాట్లాడ్తడు. ఎడమదిక్కు నుంచి పిలిస్తే మాత్రం పలకడు. ఆ చెవు ఇనవడదు."

నోట్లో మామిడిముక్క చేదయింది. నాకు చెప్పనందుకు అతని మీద కోపం వచ్చింది, వెతికి బయటపెట్టినందుకు పిన్ని మీద ఇంకా ఎక్కువ వచ్చింది. పిన్ని నాచేతే అతనికి ఫోన్ చేయించింది.

అతను వచ్చాడు. పెద్దగా ఆశ్చర్యపోలేదు. మన పల్నాడులో వాకబు చేయకుండా పిల్లనిస్తారా అంటూ నవ్వి, మేమిద్దరం కుడివైపుకి వచ్చేలా చూసుకుని కూర్చున్నాడు. పిన్ని మామిడిటెంక పారేసే నెపంతో లేచి, అతని ఎడమపక్కకు వెళ్లి నిలబడింది.

"ఈ పిల్లని బాగా చూసుకుంటావా నాయనా?" అంది మెల్లగా.

అతను గేదెల వంకే చూస్తున్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా మొహం చూసి, వెనక్కి తిరిగి పిన్నిని చూసి, అతనికి అర్థమైపోయింది. ఈ చెవి వల్లే ఇదివరకు ఒక సంబంధం తప్పిపోయిందని, అందుకే కాలనీలో అందరినీ బతిమాలుకున్నానని తలొంచుకుని చెప్పాడు.

"చెవి ఇనపడకపోతే తప్పేముంది?" అంది పిన్ని. "నలుగురికి మాటలు నేర్పి పెట్టావే, అదీ తప్పు. ఈ పిల్లకాడ మాత్రం ఎప్పుడూ ఆ పని చేయమాక."

నాన్నకు అతని చేతే ఫోన్ చేయించింది, అప్పటికప్పుడు, అక్కడే. చెవి సంగతి విన్నాక నాన్న ఫోన్ నాకిమ్మన్నాడు. తర్వాత నా ఇష్టమన్నాడు. తిరుగు రైల్లో, ఆ రెండు సంబంధాలూ నువ్వే తప్పించావా అని పిన్నిని అడిగేశాను. తను చూసింది చూసినట్టు చెప్తుందనీ, చేసుకోవడం మానడం వాళ్లిష్టమనీ అంది. నన్ను చేసుకోమనీ అనలేదు, మానమనీ అనలేదు. ఊరు చేరేలోపు నేనే చేసుకుంటానని చెప్పాను.

పోయినేడు పిన్ని పోయింది. ఆ చెరువుకిప్పుడు బోర్డు పెట్టారు, చుట్టూ నడక దారి వేశారు. అందుకే నాకు దాని మీద నమ్మకం తగ్గింది. ఏటా కానుగ పూసే వేళకి ఎవరూ చెప్పుకోని ఇంకో గట్టు వెతికి ఆయన్ని తీసుకెళ్తాను. ఎప్పుడూ కుడిపక్కనే నడుస్తాను. మనసులో ఏదైనా అనుమానం కదిలిన రోజున మాత్రం ఎడమపక్కకి మారి, నన్ను బాగా చూసుకుంటారా అని మెల్లగా అడుగుతాను. ఆయన పలకడు. నాలుగడుగులు వేశాక కుడిపక్కన నేను లేనని చూసుకుని, గబుక్కున వెనక్కి తిరిగి కుడిచెవి నా వైపు పెడతాడు.

"ఏదో అన్నావు. ఇటొచ్చి చెప్పు."