సాంబయ్య మామ వేసిన ముడి

బిడ్డకు ర్యాంకు రాదేమోనని భయపడే తండ్రులను చాలామందిని చూశాను. వస్తుందేమోనని భయపడ్డవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఆయన మా మేనమామ సాంబయ్య.

మామది సిరిసిల్ల నేతింటి పుట్టుక. మగ్గం పని కడుపు నింపక ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేరాడు. పని నేర్చుకుని రుద్రంగి వచ్చి ఆర్ఎంపీ అయ్యాడు. ఆయన మందుల సంగతి నాకు తెలియదు గానీ, కుట్లు వేస్తే సాంబయ్యే వేయాలని చుట్టుపక్కల పేరు. కుట్టు చివర, తెగిన పోగును అతకడానికి నేతవాళ్లు వేసే ముడి వేసేవాడు. "నా ముడి ఊడిందని ఒక్కన్ని చెప్పుమను" అని మీసం మెలేసేవాడు. ఆ గొప్పే ఆయన కొంప ముంచింది.

ఒక సాయంత్రం అడవిలో ఉండే అన్నలు తొడ చీలిన కుర్రవాణ్ణి మోసుకొచ్చారు. మామ పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆ రోజుల్లో అడగకపోవడమే మర్యాద, క్షేమం కూడా. కుట్టి పంపించాడు. కుట్లు విప్పకముందే ఆ కుర్రవాడు అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. శవాన్ని ఠాణా ముందు దించినప్పుడు ఒక కానిస్టేబులు ఆ కుట్లు చూసి, "ఇది మగ్గం ముడి సార్. మావోళ్లే ఏస్తరు" అన్నాడు. తోటి కులంవాడే! నోరు మూసుకుంటే వాడి సొమ్మేం పోయింది? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ చుట్టుపక్కల కుట్లు వేసే నేతవాడు మామ ఒక్కడే. కళ్లకు గంతలు కట్టి తీసుకుపోయారు. ఠాణా నుంచి తిరిగొచ్చేసరికి ఆయన కుడిచేతి వేళ్లు వంగడం లేదు.

ఆయన కూతురు సుమిత్ర ఆ ఏడాదే కోరుట్లలో ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. ఎంసెట్ రాసి డాక్టరు కావాలని దాని ప్రాణం కొట్టుకుంటోంది. మామేమో టీటీసీ పరీక్ష రాసి పంతులమ్మవు కమ్మంటాడు. ఎంసెట్‌కు బాటనీ, జువాలజీ చదవాలి. టీటీసీకి లెక్కలు, సోషలు చదవాలి. పరీక్షలు దగ్గరపడ్డాయి. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునిగేది ఖాయం.

నేను సిరిసిల్ల నుంచి వాళ్లింటికి వెళ్లి, బంద్ వల్ల బస్సుల్లేక అక్కడే చిక్కుకున్నాను. ఆ రోజు పొద్దున్నే తండ్రీకూతుళ్లు మొదలుపెట్టారు.

"టీచరు కండ్లకు గంతలు కట్టి ఎవలు తీస్కపోరు బిడ్డా" అన్నాడు మామ.

"లెక్కలు నాకు రావు బాపూ."

"నేర్చుకో. లెక్క తప్పితే మార్కులు పోతయి. గీ పనిల చేతులు పోతయి."

రాజవ్వ అత్త వంటింట్లోంచి తొంగిచూసింది. "దాన్ని రాయనియ్యుండ్రి. సీటు అచ్చినప్పుడు గదా!"

"అస్తది. నా బిడ్డ రాస్తె అస్తది. గదే నా భయం" అన్నాడు మామ.

సుమిత్ర జువాలజీ పుస్తకం మూసి పక్కన పెట్టింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి మొగిలవ్వ పరుగున వచ్చింది. దూడకు గడ్డి కోస్తుంటే కొడవలి అరచేతిని చీల్చింది. బస్సులుంటే సిరిసిల్ల పంపేవాళ్లమే. కట్టిన గుడ్డ తడిసిపోతోంది. మామ తన చేతిని చూసుకున్నాడు, ముసలామె చేతిని చూశాడు.

"సుమిత్రా, పెట్టె తే. నువ్వే కుట్టు" అన్నాడు.

చిన్నప్పుడు పాత గుడ్డల మీద కుట్టించి ఆయనే నేర్పిన పని. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను గానీ, అది చకచకా కుట్టేసింది. చివర్లో అలవాటు కొద్దీ ఆ మగ్గం ముడే వేసింది. అది చూడగానే మామ కేకవేశాడు.

"తెంపు! గా ముడి తెంపు!"

"మొగిలవ్వ బాపూ! గడ్డి కోసుకునే ముసల్ది. ఎవలు అడుగుతరు?"

"గా సచ్చిన పిలగాన్ని ఎవలడిగిండ్రు? ముడే చెప్పింది. తెంపు. వేరే ముడి ఎయ్యి."

"నాకు వేరేది రాదు. నువ్వు నేర్పింది గిదొక్కటే!"

మామకు వచ్చిందీ అదొక్కటే.

"మీ ముడి సల్లగుండ, రక్తమైతే ఆగింది గదా! నన్ను పోనియ్యుండ్రి, దూడ ఒర్రుతంది" అంటూ మొగిలవ్వ వెళ్లిపోయింది. మామ ఆమె వెళ్లిన దారినే చూస్తూ అరుగు మీద కూర్చుండిపోయాడు. అన్నం తినమంటే తినలేదు. తన వేళ్లు విరిచినప్పుడు కూడా ఏడవలేదట గానీ, ఆ రోజు నా కళ్లముందే ఏడ్చాడు.

మర్నాడు బస్సులు నడిచాయి. నేను సంచి సర్దుకుంటుంటే మామ కూతురిని పిలిచి జువాలజీ పుస్తకం చేతికిచ్చాడు.

"డాక్టరు పరీక్షనే రాయి. గా పెద్ద కాలేజీల అందరికి ఒక్కటే ముడి నేర్పుతరట. ఎవలేసిండ్రో ఎవనికి తెల్వదు. గది నేర్చుకో బిడ్డా. నాది మర్చిపో."

కోరిన పరీక్ష చేతికొచ్చినా సుమిత్ర సంతోషించలేదు. పుస్తకం గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది.

గాయం మానాక మొగిలవ్వ కుట్లు విప్పించుకోవడానికి వస్తే, మామ కూతురిని ముట్టుకోనివ్వలేదట. తానే ఎడమచేత్తో కత్తెర పట్టి, ముడి చెదరకుండా కోసి తీసి, వెలుగులో పెట్టి కాసేపు చూసుకున్నాడట. తర్వాత పొయ్యిలో వేశాడు.