రెండు ఫోన్లలో ఒకే చీర

మొన్న వనపర్తిలో మా చిన్నమ్మాయి నన్నొక ఫోన్ల దుకాణానికి తీసుకుపోయింది. నా పాత ఫోనుకు ఛార్జింగు నిలవడం లేదు, నాలుగు మాటలు మాట్లాడేలోపే ఆరిపోతోంది, ఇట్లా అయితే నువ్వు బతికున్నావో లేదో మాకెట్లా తెలుస్తుందమ్మా అని గొణుగుతూ స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని బజారుకు తెచ్చింది. దుకాణంలో ఉన్న అమ్మాయి మర్యాద తెలిసిన పిల్ల. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, రెండు ఫోన్లు నా ముందర పెట్టి, రెండింటిలోనూ ఒకే పూలతోట బొమ్మ తెరిచి, ఏది బాగా కనబడుతుందో చెప్పమంది. వాట్సాపుకూ, పాటలకూ, మనవలతో వీడియోలో మాట్లాడుకోవడానికీ రెండూ సరిపోతాయట, తేడా అంతా తెరలోనూ, మోతలోనూ ఉందట. చెబుదామని నోరు తెరిచేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగి రెండు తోటలూ ఒకటైపోయాయి. పాత ఫోను వదలడం నాకిష్టం లేదేమో అనుకుని మా అమ్మాయి, ఫోనుకు కూడా ఏడుస్తారా అని కసిరింది. పిచ్చిపిల్ల, దానికేం తెలుసు.

మాది గద్వాల. మా మామగారి కాలం నుంచీ ఇంట్లో మగ్గం ఉండేది, మా ఆయన దాని గుంటలో కాళ్లు పెట్టుకునే పెరిగి పెద్దవాడయ్యాడు. గద్వాల చీర సంగతి మన వయసు వాళ్లకు నేను చెప్పనక్కరలేదు గాని, చిన్నపిల్లలెవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం చెబుతున్నాను, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలిపెట్టి నేయాలి, అందుకు ఓపికతో పాటు కొంచెం మొండితనం కూడా కావాలి. మొండితనానికి మా ఇంట్లో కొదవ లేదు. ముఖ్యంగా రంగు దగ్గర ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. దుకాణం వాళ్లు బ్రౌన్ అని ఒక్కమాటతో తేల్చేసేదాన్ని ఆయన వక్కరంగు, చింతపండు రంగు, బెల్లం రంగు, ఇటుక రంగు అని విడగొట్టేవాడు, ఇంకాస్సేపు ఆగితే నా వంటింటి డబ్బాలన్నీ నీ మగ్గం మీదికే వస్తాయని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఎవరైనా పాత చీరలాంటిదే కావాలని వస్తే, ఆ చీర అంచు నుంచి ఒక్క పోగు లాగి ఇచ్చి పొమ్మనడం మా ఇంటి పద్ధతి. ఆ పోగును కాగితంలో చుట్టి దాచి, పొద్దున్నే ఎండ ఇంకా లేతగా ఉన్నప్పుడు వాకిట్లోకి తెచ్చి, వేలికి చుట్టుకుని, పట్టునూలు కట్టలు ఒక్కొక్కటే దాని పక్కన పెట్టి చూసేవాడు. దీపం కింద రంగు చూస్తే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఆయనొక్కడికే నచ్చితే చాలదు, నన్నూ పిలిచేవాడు, మా ఇద్దరి కళ్లకూ ఒకటే అనిపించిన తర్వాతే నేను కండెలు చుట్టాలి. పెళ్లయిన కొత్తలో, పొయ్యి మీద అన్నం మాడుతుంటే ఈయన గొడవ ఏమిటని విసుక్కునేదాన్ని. కానీ నిజం చెబుతున్నాను, నలుగురున్న ఆ ఇంట్లో మేమిద్దరం భుజం పక్కన భుజం పెట్టి నిలబడడానికి ఉన్న వేళ అదొక్కటే, అత్తగారు కూడా పనే కదా అని చూసీచూడనట్టు ఊరుకునేది.

పిల్లల పెళ్లిళ్లయి, అత్తమామలు పోయి, ఇల్లు మా ఇద్దరికే మిగిలిన తర్వాత పెద్ద ఫోన్ల కాలం వచ్చింది. చీరల ఫోటోలు పంపితే ఎక్కడెక్కడి వాళ్లో నేరుగా మన దగ్గరే నేయించుకుంటారని మా పెద్దల్లుడు ఒక ఫోను కొని తెచ్చాడు. గట్టిగా మోగేది, తెర ధగధగలాడేది, ముట్టుకుంటే చాలు రంగులు మీద పడేవి. మా ఆయనకు రాయడం రాక అందరికీ గొంతు రికార్డు చేసి పంపేవాడు, పంపేసి, అవతలివాళ్లు అప్పుడే జవాబు చెబుతారని ఫోను చెవికి పెట్టుకుని వింటూ కూర్చునేవాడు, నేను పక్కన కూర్చుని కడుపు నొప్పి పుట్టేలా నవ్వేదాన్ని. పొద్దున లేస్తే చుట్టాలు పంపిన పూలబొమ్మలన్నింటికీ పేరుపేరునా దండం పెట్టిన బొమ్మ తిరిగి పంపేవాడు. మగ్గం గుంట గట్టు మీద ఫోను పెట్టుకుని తత్వాలు వింటూ నేస్తుంటే వీధి చివరిదాకా వినిపించేది, చెవుడొచ్చిందా ఏమిటని ఇరుగుపొరుగు వాళ్లు అడిగేవాళ్లు. చెవులు బాగానే ఉండేవి.

అప్పుడే ఒకసారి కల్వకుర్తి నుంచి ఒకావిడ ఫోను చేసింది. వాళ్లమ్మ పోయి ఏడాది కావస్తోంది, ఆమె ఎప్పుడూ కట్టుకున్న గద్వాల చీర మడతల దగ్గర పూర్తిగా చీకిపోయింది, సంవత్సరీకం నాటికి అచ్చం అలాంటిదే కట్టుకుని అమ్మ ఫోటో ముందు కూర్చోవాలని ఆమె కోరిక. ఫోటో పంపుతానంది. సరేనన్నాడు మా ఆయన. నేను ఉలిక్కిపడి ఆయన వైపు చూశాను.

"పోగు దెప్పియ్యవా?" అని అడిగాను.

"ఫోటువల కనవడుతనే ఉంది గద, ఇంకా పోగెందుకు. కాలం మారిందే, నువ్వు గూడ జర మారు" అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. జన్మంతా పట్టిన పట్టు విడవని మనిషి ఫోను పుణ్యమా అని ఇన్నాళ్లకు లోకంతో పాటు నడుస్తున్నాడని సంబరపడ్డాను. ఫోటో వచ్చాక దాన్ని నా ముందు పెట్టి, అంచు ఏ రంగో చెప్పు చూద్దాం అన్నాడు, బడిలో పంతులు అడిగినట్టు. మా ఫోను తెర మీద అది చక్కగా నేరేడు పండు రంగులో కనిపించింది, నేరేడు అన్నాను. నేనూ అదే అనుకున్నా అన్నాడు. నేరేడు పట్టు తీసి కండెలు చుట్టాను, ఆయన నేశాడు, చీర కల్వకుర్తికి పోయింది.

కొన్నాళ్లకు ఆవిడే మా ఇంటికి వచ్చింది. పోట్లాడుతుందేమో అనుకున్నాను, ఆమెకు పోట్లాడే ఓపిక కూడా లేదు. సంచిలోంచి మేం నేసిన చీర ఒకటీ, వాళ్లమ్మ చీరా తీసి చాప మీద పక్కపక్కన పరిచింది. వాళ్లమ్మ చీర అంచు వక్కరంగు. మాది నేరేడు. ఎవరు చూసినా పగలూ రాత్రీ అంత తేడా.

"మా అమ్మ మీద గిట్ల లేకుండె పెద్దమ్మా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు తల తీసేసినట్టయింది. మా ఆయన ఆ పాత చీర కొంగు చేతిలోకి తీసుకుని చాలాసేపు నిమిరి, ఫోను మోసం చేసిందమ్మా, నీకు మళ్లీ నేసిస్తా అన్నాడు. నేను ఆ ఫోనును తిట్టని తిట్టు లేదు. మా వీధిలో అందరికీ ఆ పేచీలే, ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఒక రంగు అని ఎంతమంది చీరలు తిరిగొచ్చాయో. అందుకే మర్నాడే ఇద్దరం కలిసి, రంగు ఉన్నదున్నట్టు చూపే ఫోను తెద్దామని కోట దగ్గరి దుకాణానికి పోయాం, తిరిగొచ్చిన చీర కూడా వెంట తీసుకుపోయాం.

దుకాణమాయన తెలివైనవాడు. చీరను బల్ల మీద పరిచి, రెండు ఫోన్లతో రెండు ఫోటోలు తీసి, మా ముందు పెట్టాడు. ఒకటి పెద్దది, గట్టిగా మోగుతుంది, ఛార్జింగు చాలాసేపు ఉంటుంది, కానీ దానిలో మా నేరేడు అంచు రాణీ రంగుకు తిరిగి మెరిసిపోతోంది. రెండోది చిన్నది, గొంతు కూడా చిన్నదే, కానీ చీర బల్ల మీద ఎట్లా ఉందో దానిలోనూ అట్లాగే ఉంది. చంటిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. మీరు నేసిన చీరే కదా, మీరే చెప్పండి అన్నాడు దుకాణమాయన మా ఆయనతో.

మా ఆయన పెద్ద ఫోను చూశాడు. చిన్న ఫోను చూశాడు. వంగి బల్ల మీది చీర చూశాడు. మళ్లీ ఫోన్లు చూశాడు. ఆ తర్వాత నా ముఖం చూశాడు.

ఇన్నేళ్ల కాపురంలో రంగు కోసం ఆయన నా ముఖం చూడడం అదే మొదలు. వాకిట్లో పోగు పట్టుకున్నప్పుడు నూలునే చూసేవాడు గాని నన్ను చూసేవాడా? దుకాణమాయన చూస్తున్నాడు, వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారు. నేను చిన్న ఫోను మీద వేలు పెట్టి ఇది బాగుంది అన్నాను. ఆఁ, నేను గూడ గదే అనుకున్న అని ఆయన వెంటనే అందుకున్నాడు.

ఆ చిన్న ఫోనే కొనుక్కుని తిరిగొస్తుంటే, కోటగోడ నీడకు రాగానే ఆయన ఆగాడు.

"నీకు తెల్సిపాయె గద" అన్నాడు.

"ఎప్పటి సంది?"

"మొదలు నల్లవి, నీలివి కలిసిపాయె. గిప్పుడు ఎర్రవి గూడ తెల్వట్లేవు."

"నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తే మగ్గం దిగుమంటవని."

ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఫోను వచ్చాక పోగు అడగడం ఎందుకు మానేశాడో, ఫోటో నా ముందు పెట్టి రంగు చెప్పమని ఎందుకు పరీక్షలు పెట్టాడో అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. చేతికి పోగు ఇస్తే వాకిట్లో నా పక్కన నిలబడి చూడాలి, చూస్తే దొరికిపోతాడు. ఫోటో అయితే తప్పంతా ఫోను మీదికి పోతుంది. నడిరోడ్డు మీద నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన తల వంచుకుని, చీర సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ అన్నీ విన్నాడు. అంతా అయ్యాక, కల్వకుర్తి పిల్ల చీరొక్కటి నేస్త, అటెంక నీ ఇష్టం అన్నాడు.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు చూసి, షుగరు చాలా కాలంగా లోలోపల కంటిని తినేసింది, పోయిన చూపు రాదు, ఉన్నది నిలుపుకుందాం అని చెప్పాడు. ఆ ఉన్నది కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

ఆ చీర మాత్రం నేశాడు. కల్వకుర్తి ఆవిడను అడిగి వాళ్లమ్మ చీర పోగు తెప్పించాం. పొద్దున్నే వాకిట్లో నేను పోగు వేలికి చుట్టుకుని కట్టలు చూస్తుంటే, ఆయన నా పక్కనే నిలబడ్డాడు, చూడడానికి ఏమీ లేకపోయినా నిలబడ్డాడు. అన్ని గోధుమరంగుల్లోంచి ఒకటి ఎంచి, ఇది వక్కరంగు అన్నాను. బెల్లం వైపు పోతలేదు గద అని అడిగాడు. పోవడం లేదు అన్నాను. అయితే చుట్టు అన్నాడు. అంచు కలిసే చోట పోగు పోగూ వేళ్లతో తడుముకుంటూ నేశాడు, ఒక్క మెలిక తప్పలేదు. సంవత్సరీకం నాడు ఆవిడ ఆ చీర కట్టుకుని, వాళ్లమ్మ పటం పక్కన కూర్చుని ఫోటో పంపింది. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఎట్లుందో చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు అన్నాడు. చెప్పాను. ఆ సాయంత్రమే మగ్గం మీద పాత దుప్పటి కప్పేశాడు.

తర్వాత మిగిలిన రోజుల్లో ఆ ఫోను ఆయనకు వినడానికే పనికొచ్చింది, దానికేమో గొంతు చిన్నది, పెద్దది కొనుక్కుంటే బాగుండునే అని ఒకటి రెండుసార్లు నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నాకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది. ఒకరోజు కాఫీ ఇస్తుంటే నా కొంగు అంచు పట్టుకుని తడిమి, ఇది నేను నేసిందే, ఏ రంగే ఇది అని అడిగాడు. కనకాంబరం అన్నాను. ఓహో, పండక్కు నేసింది అన్నాడు. మర్నాటి నుంచి అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాను. స్నానం చేసి చీర కట్టుకోగానే మంచం దగ్గరికి పోయి, ఇయ్యాల చిలకపచ్చ అనో, నెమలికంఠం అనో చెప్పేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని, ఆఁ అనేవాడు. ఆయన పోయిన రోజు పొద్దున కూడా చెప్పాను. ఆఁ అన్నాడు.

వనపర్తి దుకాణంలో ఏది తీసుకున్నానని అడుగుతారేమో. గట్టిగా మోగేదే తీసుకున్నాను, రంగులు ఎట్లా ఉంటే నాకేమిటి. ఇప్పుడు మా అమ్మాయి చీరలన్నీ ఫోనులోనే చూసి కొంటుంది, వేలితో జరుపుతూ ఒక్కతే చూస్తుంది, ఒక్కతే ఎంచుకుంటుంది, చేతికొచ్చాక నప్పకపోతే తిరిగి పంపేస్తుంది. తప్పు పట్టను, ఎవరి కాలం వారిది. కానీ ఇది నీకూ ఇట్లాగే కనిపిస్తోందా అని పక్కనున్న మనిషిని ఒక్కమాట అడగడం ఎప్పుడు పోయిందో తెలియదు, ఆ మాట అడగడానికే మేం ఒక జీవితకాలం పొద్దున్నే వాకిట్లోకి వచ్చాం.

చీర కట్టుకోగానే రంగు పేరు ఇప్పటికీ నోటిదాకా వస్తుంది. ఇవాళ ఉల్లిపొర రంగు కట్టుకున్నాను. అడిగేవాళ్లు లేరు గనక మీకు చెబుతున్నాను.