వీపు వెనక చేతులు

ఏ వస్తువు చేతికొచ్చినా అదెలా పనిచేస్తుందో చూడందే నాకు తోచదు. అందుకే విశాఖలో మా కాలేజీ ల్యాబ్ వాళ్లను బతిమాలి ఆ మడత తెరను ఊరికి తెచ్చుకున్నాను. మడత మంచంలా మడిచిపెట్టుకునే తెల్లటి పలకలు, వాటి మీద వెలుగు వేసే ప్రొజెక్టర్, చిన్న కెమెరా. తెర ఎంతవరకు విప్పితే బొమ్మ అంతవరకే పరుచుకుంటుంది. ఎదురుగా నిలబడి చేతులు ఊపితే కెమెరా చూసి బొమ్మను ఆడిస్తుంది.

తెచ్చింది మా మేనత్త కోసం. జి.మాడుగుల దగ్గర మా ఊళ్లో థింసా నాట్యంలో వరసకు ముందుండి నడిపేది ఆవిడే. కిందటేడు కాఫీ తోటలో జారిపడి మోకాలు దెబ్బతింది. మెల్లగా ఆడొచ్చని పాడేరులో డాక్టరు చెప్పినా, మళ్లీ పడతానన్న భయంతో చైత్రంలో మేం చేసుకునే ఇటుకల పండగకు ఈసారి అరుగు మీదే కూర్చుంటానంది. ఆ మాటకు నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. పోనీ, కూర్చునైనా చేతులతో తెర మీద ఆడించొచ్చు కదా అనుకున్నాను.

తలుపులు మూసి ప్రొజెక్టరును దూలానికి కట్టాను. తెర విప్పగానే ఎర్రచీర బొమ్మ నిలబడింది. ఇంకో మడత విప్పితే పక్కన ఇంకో బొమ్మ. అత్త ఆ మడత మూసింది, విప్పింది, మళ్లీ మూసింది.

"ఏటే గుంటా, మూత్తే ఇది ఎక్కడికెలిపోతంది?"

"ఎక్కడికీ పోదత్తా, ఉత్త ఎలుగే. నువ్వు సేతులు ఊపు, అది ఆడతాది."

ఫోన్‌లో డప్పుల మోత పెట్టాను. అది వినగానే అత్త లేచి నిలబడి, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. బొమ్మ ఆగిపోయింది. థింసాలో మేం పక్కవాళ్ల వీపు వెనకే చేతులు పెనవేసుకుంటాం. కెమెరాకేమో చేతులు కనబడాలి.

"సేతులు ముందుకెట్టత్తా!"

"ముందుకెడితే పక్కదాన్ని ఎవులు పట్టుకుంటారే?"

ఎంత చెప్పినా అంతే. మా అత్త పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. విసుగులోనే నాకింకో కుతూహలం పుట్టింది. ఇద్దరం పెనవేసుకుని నిలబడితే ఈ కెమెరా ఏమనుకుంటుంది? వెళ్లి పక్కన నిలబడి, వీపు వెనక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఆవిడ బరువంతా నా మీదికి వచ్చింది. బాగున్న కాలు ముందుకు పడింది. కాసేపటికి రెండోది కూడా. తెర వైపు చూడటమే మర్చిపోయాను.

"మోకాలు నొప్పెడతందా అత్తా?"

"ఎడతంది." ఇంకో అడుగు వేసింది. "పండగనాడు ముందు నిలబడను గానీ మద్దెన నిలబడతాను. నువ్వు మాత్రం సెయ్యి ఒగ్గీకు."