నా కాలి దురద ఆచారమైపోయింది

మార్చిలో ఒక పెళ్లికి పోయి నేను చేసొచ్చిన నిర్వాకం చెప్తా, వినండి. దాని ఫలితం రేపు అనుభవించబోతున్న. ఎంతైనా నవ్వుకోండి గానీ, మా మాస్టర్ చెవిన మాత్రం వేయకండి.

ఛత్తీస్‌గఢ్‌లోని కొంటాలో మాది చెప్పుల షాపు. పొద్దంతా కొత్త బూట్లేసుకొని కూర్చుంటా, కస్టమర్ చూసి మోజుపడతడని. సాక్సులు మాత్రం వేసుకోను, ఉక్కపోత. ఆ చెమటకి ఎడమకాలి చివరి రెండు వేళ్ల సందున తోలు తెల్లగా నానిపోయి ఒకటే దురద. పదేళ్ల నుంచి ఇదే కథ. ట్యూబు రాస్తా, వారంలో తగ్గుతది, ట్యూబు అటకెక్కుతది. రెండు నెలలకి మళ్లీ మొదలు. మా ఆవిడ సుజాత ఇంట్లో నా తువ్వాలు, నేను కాళ్లు తుడుచుకునే పట్టా వేరే పెట్టింది. "మీ చుట్టం మళ్లీ దిగినట్టున్నడు, నా పక్కకు రాకండి" అంటది.

పెళ్లి మాస్టర్ కూతురిది. మాస్టర్ సుక్మా పోయే దారిలో ఒక పల్లెలో బడిపంతులు. దోర్ల తెగ ఆయన, అయినా తెలుగు మనలాగే మాట్లాడతడు. ఇరవై ఏళ్ల దోస్తీ. ఫోన్ చేసి, "సేట్, పిల్ల పెళ్లికి పెద్దమనిషివి నువ్వే. వచ్చినోళ్లలో ముందు నీ కాళ్లే కడగాలని మా అమ్మ చెప్పింది" అన్నడు.

కాళ్లు అనంగనే నాకు చెమట పట్టింది. ఆ ఊరు మొత్తం చెప్పులు నా దగ్గరే కొంటది. సేట్ కాళ్లకే రోగమని తెలిస్తే ఇంక నా షాపు గడప ఎవరు తొక్కుతరు?

పెళ్లి ఇంకా మూడు రోజులే ఉంది. మందుల షాపుకి పోయి త్వరగా తగ్గేది ఇమ్మన్న. ఆయన చిన్న పొట్లంలో ఊదారంగు పర్మాంగనేట్ గుళికలు ఇచ్చిండు. "బకెట్ నీళ్లలో రెండు మూడు గుళికలు వేయాలె. లేత గులాబీ రంగు రావాలె, అంతే" అని రెండుసార్లు చెప్పిండు. రెండు మూడు గుళికలకి తగ్గాలంటే ఎన్ని రోజులు పడతదో అని నేను లెక్కేసుకొని చెంచాడు వేసిన. నీళ్లు వంకాయ రంగుకి తిరిగినయి. బాగా పని చేస్తది అనుకొని కాళ్లు పెట్టి, ఫోన్ చూసుకుంట అరగంట కూర్చున్న. మంట పుడితే బయటికి తీసిన. చీలమండల దాకా రెండు కాళ్లూ ముదురు గోధుమ రంగు.

సబ్బు పెట్టిన, నిమ్మచెక్క రుద్దిన, గిన్నెలు తోమే పీచు కూడా పట్టిన. రంగు కొంచెం కూడా కదల్లేదు. సుజాత వచ్చి చూసి, "బూట్లు విప్పలేదా?" అని అడిగింది. ఇవి బూట్లు కావు, నా కాళ్లేనని వేళ్లు ఆడించి చూపించిన.

పెళ్లిరోజు సాక్సులు, బూట్లు బిగించుకొని సుజాతతో పోయిన. కాళ్లు కడుక్కోవడం తప్పించుకుందామని వెనక నుంచి పందిట్లోకి దూరబోతుంటే మాస్టర్ పట్టుకొని పీట మీద కూర్చోబెట్టిండు. చెంబుతో ఆయన, పక్కన వాళ్లమ్మ. ఎనభై ఏళ్ల ముసలమ్మ, చూపు మాత్రం సూదిలా ఉంటది.

"బూట్లు విప్పు బిడ్డా" అన్నది.

విప్పిన. పందిరి మొత్తం నా కాళ్ల మీదికే వంగింది.

"ఏందిది?" అన్నది ముసలమ్మ.

నిజం చెప్పొచ్చు కదా. నా నోటికి ఆ అలవాటు లేదు. "మా తెలుగోళ్ల పద్ధతమ్మా. ఆడపిల్ల పెళ్లికి పోయే పెద్దమనుషులు కాళ్లకి రంగేసుకుంటరు. పిల్ల కాపురం పచ్చగుంటది" అన్న. వెనక సుజాత దగ్గడం మొదలుపెట్టింది.

మాస్టర్ కళ్లలో నీళ్లు తిరిగినయి. "నా బిడ్డ కోసం ఇంత చేసినవా సేట్" అని నా చేతులు పట్టుకున్నడు. అక్కడితో అయిపోయుంటే బాగుండేది. ముసలమ్మ ఊరుకోలేదు. "అయితే మన పెద్దోళ్లంతా వేసుకోవాలె" అని పెళ్లికూతురికి పెట్టిన పారాణి సీసా తెప్పించింది. ఏడుగురు పెద్దమనుషుల్ని నాతోపాటు వరసగా బెంచీ మీద కూర్చోబెట్టింది. పత్తి ముద్ద పారాణిలో ముంచి, "ముందు నీకే, రంగు కొంచెం వెలిసింది" అని నా ఎడమ కాలు పట్టుకున్నది.

అప్పుడు నిజంగానే భయమేసింది. అదే పత్తి నా వేళ్ల సందులో పెట్టి తర్వాత ఆ ఏడుగురికీ పెడితే, కాపురం సంగతేమో గానీ దురద మాత్రం ఊరంతా పచ్చగుంటది. "నాకు ఆఖర్న, ఆఖర్న" అని కాలు వెనక్కి లాక్కున్న.

బెంచీ మీద నా పక్కన పెళ్లికొడుకు మేనమామ కూర్చున్నడు. సుక్మాలో కాంపౌండర్. అప్పటిదాకా నా కాళ్లనే చూస్తున్నడు. లేచి ముసలమ్మ చేతిలో పత్తి మెల్లగా తీసుకొని, "అమ్మా, తెలుగోళ్ల పద్ధతిలో మనిషికో పత్తి వాడాలె. లేకుంటే ఫలితం ఉండదు" అన్నడు. ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

పారాణి పని అయినంక నన్ను పందిరి పక్కకి తీసుకుపోయిండు.

"చెంచాడు వేసినవా?"

తల ఊపిన.

"తోలు కాలనందుకు సంతోషించు. ట్యూబు రాసినవా?"

"రాసిన. దురద తగ్గితే ఆపిన."

"ఎన్నిసార్లు అట్ల ఆపినవు?"

పదేళ్ల లెక్క వేళ్ల మీద వేయబోయిన.

"దురద తగ్గినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు సేట్. తగ్గినంక ఇంకో రెండు వారాలు రాయాలె. కడిగినంక వేళ్ల సందులు తుడుచుకో. రోజూ ఉతికిన నూలు సాక్సులు. ఈ రోజు వేసుకున్న బూట్లు రేపు ఎండలో పెట్టు, రెండో జత వేసుకో. చెప్పుల షాపోడికి రెండో జత దొరకదా?"

ఆయన చెప్పినట్టే చేసిన. సుజాత గోడ మీద క్యాలెండర్‌లో రోజూ గీత పెట్టేది, గీత పడకపోతే అన్నం పెట్టేది కాదు. దురద పోయింది. పాత తోలు ఊడిపోయి గోధుమ రంగు కూడా పోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి సుజాత నా కాళ్ల పట్టా మీద కాలు పెట్టింది.

మొన్న మాస్టర్ ఫోన్ చేసిండు. ఆయన తమ్ముడి కూతురి పెళ్లంట, రేపే. "మా పిల్ల కాపురం చూసినవుగా సేట్, ఎంత బాగుందో. మా అమ్మ రెండు సీసాల పారాణి తెప్పించింది. నువ్వొచ్చి ముందు మొదలుపెట్టాలె. ఇంటి నుంచే వేసుకొని రా."

పదేళ్లకి నా కాళ్లు శుభ్రంగా, తెల్లగా, మచ్చ లేకుండా మెరుస్తున్నయి. పొద్దున్నే లేచి వాటికి రంగేసుకోవాలె.