తెర వెనుక టిఫిన్

తొంభైల మొదట్లో, పెళ్లయి మస్కట్ వచ్చిన కొత్త. మావారు తెల్లారకుండానే డ్యూటీకి వెళ్లిపోతే రోజూ ఒక్కదాన్నే టిఫిన్ తినేదాన్ని. ఒక సెలవురోజు ఇబ్రా అనే ఊరికి వెళ్తుంటే కారు టైరు పంక్చరయింది. దారి పక్క కాఫీ షాపులో, ఆడవాళ్లకని తెర కట్టిన గదిలో నన్ను కూర్చోబెట్టి, "తింటూ ఉండు, టైరు బాగుచేయించుకుని ఇప్పుడే వస్తా" అని వెళ్లారాయన. ఎంతకీ రాలేదు. తెర అవతల అన్నీ మగ గొంతులే. భయమేసి, పరోటా ముందు చేతులు జోడించి కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి, పక్క బల్ల దగ్గరి ఒమానీ పెద్దావిడ నా ప్రార్థన అయ్యేదాకా తినడం ఆపి చూస్తోంది. తన పళ్లెం తీసుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "బిస్మిల్లా" అంటూ తన దేవుణ్ణి తలచుకుని, నన్నూ తినమన్నట్టు తలూపింది. మాటల్లేకుండానే ఇద్దరం తిన్నాం.

"ఏమిటే, భయపడ్డావా?" అన్నారు మావారు వచ్చి.

"మొదట్లో భయపడ్డానండీ. తర్వాత ఈవిడ వచ్చి కూర్చుంది."

మర్నాడు మళ్లీ ఒక్కదాన్నే టిఫిన్ ముందు కూర్చుని, పేరైనా తెలియని ఆ తల్లిని చల్లగా చూడమని దేవుణ్ణి వేడుకున్నాను.