సముద్రం గాలికి తువ్వాల అడ్డం

ఆ దినాల్లో మా కాలనీలో ఎవరి ఆరోగ్యమైనా బాగుపడిందంటే వాళ్ళింట్లో వాళ్ళు మొహాలు వేలాడేసుకునేవారు. బయటివాళ్ళకు వింతగా ఉంటుంది కాబట్టి సంగతి ముందే చెప్పేస్తాను. మా గోదావరిఖనిలో బొగ్గుబాయిలో దిగే మనిషికి ఒళ్ళు చెడి, ఇక ఇతను దిగలేడని కొత్తగూడెంలో మెడికల్ బోర్డు తేల్చిందనుకోండి, కొడుక్కి ఉద్యోగం వస్తుంది. దాన్ని మేం ‘అన్‌ఫిట్ కావడం’ అంటాం. వేరే ఊళ్ళలో కొడుకులు పరీక్ష పాసైతే ఉద్యోగం వస్తుంది, మా దగ్గర తండ్రులు ఫెయిలైతే వస్తుంది. డిగ్రీ చేతికొచ్చాక పొద్దంతా చౌరస్తాలో చాయ్ తాగుతూ ఊరందరి కష్టాల మీదా జోకులేస్తూ తిరిగే నాకు ఈ రెండో పద్ధతే న్యాయంగా తోచేది.

మా బాపు (మా వైపు నాన్నను అలాగే పిలుస్తాం) దగ్గు మా క్వార్టర్ల లైనుకు సైరన్ లాంటిది. తెల్లారగట్ల ఆయన దగ్గు మొదలైతే పక్కింట్లో పొయ్యి వెలిగేది, ఎదురింట్లో పిల్లలు లేచేవారు. రెండంగలు గబగబా వేస్తే ఛాతీలోంచి పిల్లి అరిచినట్టు చప్పుడొచ్చేది. బోర్డుకు పిలుపొచ్చిన దగ్గర్నుంచీ ఆ చప్పుడే మా ఇంటి ఆస్తి. బాపుతో ఒకే షిఫ్టులో పనిచేసిన పక్క క్వార్టర్ చాచా రోజూ గోడ మీంచి తొంగిచూసి అడిగేవాడు: “క్యా భాయ్, ఇయ్యాల దగ్గు జర తక్కువ ఇనొచ్చింది. నాకు ఫికరైంది.” బాపు నొచ్చుకునేవాడు. “లే భాయ్, పొద్దున గట్టిగనే అచ్చింది. నువ్వే నిద్రల ఉన్నట్టున్నవ్.”

ఇంత సజావుగా సాగుతున్న కాపురంలోకి సముద్రం వచ్చిపడింది. మా అక్కను విశాఖపట్నంలో ఇచ్చాం. అక్కకు బిడ్డ పుట్టింది, తొట్టెల్లో వేస్తున్నాం రమ్మని కబురొచ్చింది. బోర్డేమో ఆ వెనకే ఉంది. పోదామా వద్దా అని ఊగిసలాడుతూ బాపు మాత్రల కోసం దవాఖానకు పోతే అక్కడి డాక్టరు నవ్వుతూ, “పోయి రావయ్యా, సముద్రం గాలికి ఊపిరి తిరుగుతది” అన్నాడట. ఆయన మంచికే అన్నాడు. మా ఇంట్లో మాత్రం ఆ పూట ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు.

“పోతే గాలి తాకుతది. గాలి తాకితె నయమైతది. నయమైతే పోరని గతేంది?” అన్నాడు బాపు.

“మరి మనుమరాలిని సూడవా?” అంది అమ్మ.

“సూస్త. ముక్కు మూస్కొని సూస్త.”

అది కోపంతో అన్నమాట అనుకున్నాం. కాదు. రామగుండంలో రైలెక్కేటప్పుడు ఆయన సంచిలో అన్నిటికన్నా పైన డ్యూటీ తువ్వాల ఉంది. బాయి కింద దుమ్ము లోపలికి పోకుండా ఏళ్ళ తరబడి ముక్కుకు కట్టుకున్న తువ్వాల. ఎంత ఉతికినా నలుపు పోనిది. ఇప్పుడది మంచిగాలి లోపలికి పోకుండా పనిచేయబోతోంది. (తువ్వాలకేం తెలుసు పాపం, డ్యూటీ మారిందని.)

అక్కావాళ్ళ ఇల్లు మేడ మీద వాటా. కిటికీ తీస్తే చాలు, సముద్రం గాలి చుట్టం లాగా చెప్పకుండా లోపలికొచ్చి కూర్చునేది. బాపు అక్కడ దిగిన రోజే కిటికీలన్నీ మూసి గడియలు పెట్టాడు. “ఉబ్బరం బాపూ, పసిపిల్లకు చెమట పడ్తాంది” అని అక్క మొత్తుకుంటే, “బోర్డయినంక తీద్దాం బిడ్డా” అన్నాడు, బోర్డు అక్కడే పెరట్లో ఉన్నట్టు. మనుమరాలిని ఒళ్ళో వేసుకున్నప్పుడు కూడా తువ్వాల తియ్యలేదు. ఆ పిల్ల ఈ లోకంలో మొట్టమొదట చూసిన తాతకు ముక్కూ మూతీ లేవు, రెండు కళ్ళే ఉన్నాయి.

మర్నాడు పొద్దున నాకు మెలకువొచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. దగ్గు లేదు. లేచి కూర్చున్నాను. అవతల అమ్మ కూడా లేచి కూర్చునే ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొదటి భయం, మనిషి ఉన్నాడా అని. వెళ్ళి చూస్తే ఛాతీ హాయిగా పైకీ కిందికీ ఆడుతోంది. అప్పుడు పట్టుకుంది అసలు భయం. కొంపదీసి బాగైపోతున్నాడా?

“నయమైతున్నట్టుంది రా” అంది అమ్మ గుసగుసగా. ఆ గొంతులో సంతోషం ఎంతో, దిగులెంతో ఇప్పటికీ నేను విడదీయలేను. లేచాక విషయం తెలిసి బాపు తెల్లబోయాడు. “ఒక్కసారి సుత దగ్గలేదా? నిజంగనా?” అని మూడిళ్ళ అవతలికి వినపడేలా దగ్గి చూసుకున్నాడు. పలచగా వచ్చింది.

కింది వాటాలో ఇంటాయన ఉండేవాడు, బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మాష్టారు. బడి మానేసినా చరిత్ర ఆయన్ని మానలేదు. కొత్తమనిషి దొరికితే చాలు ఊరంతా తిప్పి చెప్పాల్సిందే. “ఇంత దూరం వొచ్చి గదిలో కూకుంటారేటండీ? రండి, మా ఊరు సూపిస్తాను” అని ఆటో మాట్లాడేశాడు. కాదంటే బాగోదని బయల్దేరాం. ముందు మాష్టారు, వెనక అమ్మ, నేను, మా మధ్యలో ముక్కుకు తువ్వాల కట్టిన బాపు. దారిపొడుగునా మాష్టారు చెబుతూనే ఉన్నాడు. ఇదంతా ఒకప్పుడు జాలరి పల్లెలట. ఆ కొండల మీద బౌద్ధ భిక్షువులు గాలికోసం, నీళ్ళకోసం చూసుకుని మరీ విహారాలు కట్టుకున్నారట. ‘గాలికోసం’ అనగానే బాపు తువ్వాల ముడి ఇంకొంచెం బిగించాడు.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూపించాడు. ఎక్కడో ఒలందా దేశం నుంచి ఓడల మీద వచ్చి, బట్టల వ్యాపారం చేసి, జ్వరాలతో చిన్న వయసులోనే పోయినవాళ్ళట. నల్లరాళ్ళు, వాటి మీద చెక్కిన అక్షరాలు, చుట్టూ ఉప్పుగాలి. మాష్టారు గొంతు గద్గదమైంది. “కన్నవాళ్ళకి కడసూపు కూడా లేదు. కంపెనీ పని మీద వొచ్చి, కంపెనీ పనిలోనే పోయారు” అన్నాడు. బాపు ఆ రాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, తువ్వాల వెనక నుంచి శ్రద్ధగా అడిగాడు: “మరి ఈళ్ళ కొడుకులకు నౌకరీలు ఇచ్చిండ్రా సార్?”

మాష్టారి సర్వీసులో ఏ విద్యార్థీ ఆ ప్రశ్న వేసినట్టు లేదు. చిరాకంతా తువ్వాల మీదికి మళ్ళించాడు. “పొద్దున్నించీ సూస్తన్నాను. ఆ ముక్కుకి గుడ్డేటండీ? మా ఊరు చేపల కంపు కొడతందేటి మీకు?” బాపు బిత్తరపోయి, “లేదు సార్, మీ ఊరు గాలి మస్తు మంచిగున్నది. గదే తక్లీఫు” అన్నాడు. మాష్టారికి అది ఇంకా వెటకారంగా తోచింది. ఆటోలో మొహం అటు తిప్పుక్కూర్చున్నాడు. చరిత్ర ఆగిపోయింది.

తిరుగుదారిలో విశాఖ రేవు దగ్గర ఆగాం. దాని పక్కన మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. దర్గాలో తన పేరు మీద దువా చెయ్యమని మా చాచా మరీ మరీ చెప్పి పంపాడు. అందుకని ఎక్కాం. బాపు ధ్యాసంతా మాష్టారి కోపం మీద ఉందేమో, మనిషి ఆగకుండా ఎక్కేశాడు. పిల్లి అరవలేదు. సగంలో అమ్మ నా చెయ్యి పట్టుకుని, “ఆగమను రా, జర ఆయాసపడమను” అంది. మొగుడు గుట్ట ఎక్కగలుగుతున్నందుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆడమనిషిని నేను ఆమె ఒక్కదాన్నే చూశాను. పైకెళ్ళాక బాపుకు తానేం చేశాడో తెలిసింది. వెంటనే కూలబడి రొప్పడం మొదలుపెట్టాడు. ఆలస్యమైపోయింది, ఎవరూ నమ్మలేదు.

లోపల కళ్ళు మూసుకుని చాలాసేపు దండం పెట్టుకున్నాడు. బయటికొచ్చాక మాష్టారు మర్యాదకు అడిగాడు, “ఏం కోరుకున్నారు, ఆరోగ్యమేనా?” అని. దేవుడి వాకిట్లో అబద్ధమెందుకనుకున్నాడో ఏమో, బాపు తువ్వాల కిందికి జరిపి చెప్పాడు: “లేదు సార్. మా దోస్తు, నేను ఒక్కటే కోరుకున్నం. ఆరోగ్యం రావొద్దని.” మిగతాది నేను చెప్పాను. బోర్డు, ఉద్యోగం, తువ్వాల, అన్నీ. నా అలవాటు కొద్దీ నవ్వొచ్చేట్టే చెప్పాను. మాష్టారు నవ్వలేదు.

రేవు వైపు చెయ్యి చూపించి, బడిలో పాఠం చెప్పినట్టు కాకుండా మెల్లిగా చెప్పాడు. ఈ రేవు కట్టేటప్పుడు అలల పోటుకి లోపల ఏదీ నిలిచేది కాదట. అడ్డం వెయ్యాలి. అప్పుడు, ఇక ప్రయాణానికి పనికిరావని తేల్చిన రెండు పాత ఓడల్ని తెచ్చి, కడుపునిండా రాళ్ళు నింపి, రేవు నోటి దగ్గర కావాలని ముంచేశారట. వాటి మీద పోసిన రాళ్ళే అడ్డుగోడ. “అలలొచ్చి ఆటికి కొట్టుకుని ఆగిపోతాయి. లోపల పడవలు నిమ్మళంగా పడుకుంటాయి.”

బాపు మెడ చాచి అటు చూశాడు. “అవి ఇంక కిందనే ఉన్నయా సార్?”

“ఎక్కడికెళ్తాయండీ? తుప్పట్టి, నాచు పట్టి, అక్కడే.”

“అంటే, అన్‌ఫిట్ చేసినా డ్యూటీ చేస్తనే ఉన్నయన్నట్టు” అన్నాడు బాపు. అని తువ్వాల మళ్ళీ ముక్కు మీదికి లాక్కున్నాడు. వాటికి పింఛనేమైనా వస్తుందా అని అడుగుదామనుకున్నాను నేను. జోకు సిద్ధంగానే ఉంది, నేను మాత్రం వంగి బాపు చెప్పులు ఆయన ముందుకు జరిపాను. దిగేటప్పుడు మాష్టారు బాపు చెయ్యి పట్టుకుని దింపాడు. బాపు వద్దనలేదు, ఆయాసం ఉన్నట్టు కనిపిస్తుందని కాబోలు.

తొట్టెల పండగ అయిపోయింది, తిరిగొచ్చేశాం. కొత్తగూడెం బోర్డుకు నేను వెంట వెళ్ళాను. బయట బెంచీల మీద తండ్రులూ కొడుకులూ జంటలు జంటలుగా కూర్చుని ఉన్నారు, తండ్రులు దగ్గుతుంటే కొడుకులు వీపు రాస్తున్నారు. లోపలికెళ్ళి వచ్చిన బాపు మొహం పాలిపోయి ఉంది. “గొట్టంల ఊదుమన్నరు. ఊదిన. ఇంక ఊదుమన్నరు. ఇగ లేదన్న.” నిజంగానే లేదట. ఊపిరితిత్తులు ఇప్పుడు చెడినవి కావనీ, ఎప్పుడో అయిపోయాయనీ, మధ్యలో వచ్చిన తెరిపి పైపైదేననీ, సముద్రం గాలి కాదు కదా సముద్రమే తెచ్చి పోసినా లాభం లేదనీ డాక్టరు మాటల సారం. అంటే ఆ తువ్వాల అక్కర్లేదన్నమాట. మనుమరాలిని నిండుమొహంతో చూసుకోవాల్సింది.

కాలనీలో మాత్రం పండగే. బాపు అన్‌ఫిట్ అయ్యాడని అమ్మ మైసూర్‌పాక్ పంచింది. చాచా గోడ దూకినంత పనిచేసి, “ముబారక్ భాయ్, ముబారక్!” అని కౌగిలించుకుని, విడిపించుకుని వెళ్ళి తన పెరట్లో ఒక్కడే కూర్చున్నాడు, తనకింకా బోర్డు పిలుపు రాలేదు. నాకు ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు బాయిలోకి దిగేటప్పుడు అమ్మ ఓ కొత్త తువ్వాల ఇచ్చింది. (తెల్లది. ఆ రంగులో అది ఒక్క షిఫ్టే ఉంది.)

ఆ తర్వాత సెలవు పెట్టుకుని బాపును మళ్ళీ విశాఖ తీసుకెళ్ళాను. ఇప్పుడు ఎంత పీల్చినా అడిగేవాళ్ళు లేరు. సాయంత్రం బీచిలో, ఇసుక మొదలయ్యే చోటే కూర్చోబెట్టాను, అంతకన్నా నడవలేడు. తువ్వాల తీసి మడత పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుండెనిండా పీల్చబోయి, చాలాసేపు దగ్గి, తేరుకుని, “ఉప్పుగున్నది రా” అన్నాడు. తర్వాత అడిగాడు, “ఆ ముంచిన ఓడలు ఎటున్నయి?” నాకు తెలీదు. ఏదో ఒకవైపు వేలు చూపించాను. ఆయన అటే చూస్తూ మెల్లిగా చెయ్యెత్తి ఊపాడు. ఎప్పుడూ ఎవరి ఏడుపుకూ ఏడవని నేను, చౌరస్తా చాయ్ బండి దగ్గర పేరుమోసిన నేను, మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఇటు తిరిగేసరికి మక్కకంకులు కాల్చే అతను మా ముందుకొచ్చి నిలబడి ఉన్నాడు.

“ఎంతసేపాయె పిలవబట్టి!” అంటున్నాడు బాపు అతనితో. “రెండియ్యి. మా పోరనికి జర కారం ఎక్కువెయ్యి, కండ్లల్ల నీళ్ళు ఎందుకచ్చినయని ఎవలన్న అడిగితె చెప్పుకోనీకి ఉంటది.”

జోకులు నాకెక్కణ్ణుంచి వచ్చాయో ఆ పూటే తెలిసింది. కంకి నిజంగానే కారంగా ఉంది.